జర్మన్ అడవి మీద నా అభిప్రాయం

హెడ్ సార్ పోయారని సునంద ఫోన్‌లో చెప్పినప్పుడు నేను వాకిట్లో ఆరబోసిన మిరపకాయలు తిరగేస్తున్నాను. అలాంటప్పుడు అనవలసిన మాట ఒకటి ఉంటుంది. అది నా నోటికి రాలేదు, ఘాటుకు తుమ్ము వచ్చింది. "ఏడుస్తున్నావా రాజీ?" అని అడిగింది అవతలినుంచి. "లేదు, మిరపకాయలు" అన్నాను. ఆమె, సార్ దగ్గర జర్మన్ చదువుకున్న వాళ్లమంతా కలిసి ఒక సంస్మరణ సంచిక వేస్తున్నామని, నేను కూడా రాయాలని, రెండు పేజీలు చాలని చెప్పింది. "మంచి జ్ఞాపకాలు మాత్రమే సుమా" అని చివర్లో కలిపింది. ఆ చివరి మాట చూశారా? అది నాతో ప్రత్యేకంగా అనవలసి వచ్చిందంటే, నా దగ్గర ఎలాంటి జ్ఞాపకాలున్నాయో ఆమెకూ తెలుసన్నమాట. ఇన్నేళ్లుగా తెలియనట్టే ఉంది.

ఆ రోజునుంచి నాకు కుదురు లేదు. అన్నం ముందు కూర్చుంటే సగంలో లేస్తాను. నీళ్లు తోడబోయి బకెట్ అక్కడే వదిలి ప్రాణహిత ఒడ్డుదాకా పోయి వస్తాను. ఏటికి పనేమీ లేదు, నాకూ లేదు. మా అన్న పోయాక ఈ ఇంట్లో మేమిద్దరమే, నేనూ మా వదినె సత్తెమ్మా. నేను పుస్తకాల సంచి పట్టుకుని మొదటిసారి ఊరు దాటిన ఏడే ఆమె ఈ ఇంటికి కోడలిగా వచ్చింది. నా నడక చూసి నా మనసు చెప్పగలదు.

"ఏందే రాజీ, కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్?"

"మా సార్ సచ్చిపోయిండు వదినె."

"అయ్యో పాపం. మంచోడా?"

"కాదు."

"మరి గింత పరేషాన్ ఎందుకే?"

"మంచోడని రాయమంటున్నరు."

ఆమె చాట కింద పెట్టి నవ్వింది. "రాయరాదు. పోయినోని మీద ఏం పంచాది? నీకు చిన్నప్పటిసంది గిదే బుద్ధి. నా పెండ్లిల నీకు పెరుగు ఎయ్యలేదని ఇప్పటికీ అంటవ్."

వెయ్యలేదు మరి. వరసలో నా ముందు కూర్చున్నామెకు వేశారు, నా తర్వాత కూర్చున్నామెకు వేశారు. కానీ ఇప్పుడు రాయబోయేది పెరుగు గురించి కాదు.

మా ఇంట్లో తెలుగు, బళ్లో మరాఠీ. ఏటి ఇవతల, మరాఠీ రాష్ట్రంలో పుట్టినందుకు మాకు దక్కిన చదువు అది. మా గురుజీ ఎక్కడో దూరపు జిల్లానుంచి వచ్చినవాడు, ఆయనకు తెలుగు ముక్క రాదు, నేర్చుకోవాలని కూడా అనుకోలేదు. ఆయన ఒక వాక్యం చదివితే మేమంతా గొంతు చించుకుని అదే వాక్యం అరిచేవాళ్లం. అర్థమైందా అని ఆయన ఏనాడూ అడగలేదు. అడిగినా ఆ ప్రశ్న మాకు అర్థమయ్యేది కాదు. అందుకని మా వైపు పిల్లలందరికీ ఒకటే పద్ధతి పడింది. పాఠం మొదట గొంతుకు పట్టాలి. పూర్తిగా, మొదటి అక్షరంనుంచి పాఠం కింద అభ్యాసం ప్రశ్నలదాకా. ప్రశ్నలు కూడా పాఠంలో భాగమే అనుకుని వాటినీ అప్పజెప్పిన వాళ్లున్నారు. అర్థం సంగతి తర్వాత. అది ఎప్పుడు రావాలో అప్పుడు వస్తుంది.

పొద్దున్నే చదివేవాళ్లం. వాకిట్లో చల్లిన పేడనీళ్ల వాసన, పొయ్యి మీద జొన్న గట్క ఉడికే వాసన, ఎండాకాలమైతే తడక మీద ఎండుతున్న ఇప్పపువ్వు తియ్యటి మత్తు వాసన. వీటి మధ్య నేను స్తంభానికి ఆనుకుని మరాఠీ అరుస్తుంటే మా నాయినమ్మ ఎదురుగా కూర్చుని బియ్యం చెరిగేది. ఆమె చేతిలో చాట నా చదువుతోపాటే ఆడేది. నేనెక్కడైనా ఒక వాక్యం దాటవేశానంటే చాట ఆగిపోయేది.

"ఆగు. ఏందో మింగినవ్."

"నీకు మరాఠీ రాదు గదా నాయినమ్మా!"

"మరాఠీ రాదు. మింగుడు తెలుస్తది. మల్ల మొదటికెల్లి చదువు."

మళ్లీ మొదటినుంచి చదివేదాన్ని. అలా పట్టిన పాఠాలు ఎటూ పోవు. మూడో తరగతిలో ఒక పాఠం ఉండేది, వాన కోసం ఎదురుచూసే ముసలి రైతు గురించి. దాన్ని నేను బడి తనిఖీకి వచ్చిన అధికారి ముందు తప్పు లేకుండా అప్పజెప్పి శభాష్ అనిపించుకున్నాను. అందులో రైతు ఉన్నాడని గాని, వాన లేదని గాని అప్పటికి నాకు తెలియదు. చాలా ఏళ్ల తర్వాత, నారు పీకుతూ మోకాటిలోతు బురదలో వంగి ఉన్నప్పుడు, మబ్బు కమ్మి మొదటి చినుకు వీపు మీద పడింది. పాఠం దానంతటది నోట్లోకి వచ్చింది, ఈసారి అర్థంతో వచ్చింది. ముసలాయన తలపాగా ఎందుకు తీశాడో తెలిసి, నారుకట్ట చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మేం అవ్వ అని పిలిచే మా అమ్మ పక్క మడిలోంచి "ఏమైందే, పాము గిట్లనా?" అని కేకేసింది. దీన్ని గుడ్డి చదువు అనేవాళ్లు ఇంటి భాషలోనే బడి దొరికిన అదృష్టవంతులు. నాతో ఆ మాట అన్నవాళ్లందరి ముఖాలూ నాకు గుర్తున్నాయి.

నేను జర్మన్ చదివిన విశ్వవిద్యాలయం పేరు ఇక్కడ రాయను. రాస్తే వాళ్లకు ప్రచారం చేసినట్టవుతుంది. పెద్ద నగరం, పెద్ద గేటు అనుకుంటే చాలు. నేను అడిగింది జర్మన్ కాదు, ఇంగ్లీషు సాహిత్యం. కిటికీ వెనక గుమస్తా నా కాగితాల మీద మా ఊరు సిరొంచ పేరు చూసి, పక్కనున్న అతనికి చూపించి, ఇంగ్లీషులో సీట్లు అయిపోయాయి, జర్మన్‌లో ఖాళీగా ఉన్నాయి, కావాలంటే చేరమన్నాడు. నా వెనక నిలబడ్డ అమ్మాయికి ఇంగ్లీషులో సీటు ఇచ్చాడు. అదీ నేను జర్మన్‌లోకి వచ్చిన దారి.

ఇంట్లో చెప్పినప్పుడు మా బాపు బీడీ ఆర్పేసి చాలాసేపు ఆలోచించాడు. మా వైపు జర్మన్ అంటే వంటింట్లో సత్తు గిన్నెలు.

"జర్మన్ గిన్నెలల్ల చదువుడేముంటది బిడ్డా?"

"గిన్నెలు కాదు బాపు, దేశం. ఆ దేశపోళ్ల భాష."

"ఆ దేశపోళ్లు మన సిరొంచకు వస్తరా?"

"రారు."

"నువ్వు పోతవా?"

"పోతనేమో."

ఆ ఒక్క మాట మీద ఆయన ఊరుకున్నాడు. కానీ ఊళ్లో ఎవరడిగినా బిడ్డ ఇంగ్లీషు చదువుతున్నదనే చెప్పాడు. నాకు అది తెలిసింది. నేను పోతానేమో అన్న మాట మాత్రం గాలికి అన్నది కాదు. చివరి సంవత్సరంలో మా విభాగంనుంచి ఒకరిని ఏడాదిపాటు జర్మనీ పంపిస్తారని చేరిన రోజే చెప్పారు. ఆ ఒకరు నేనే కావాలని నేను ఆ రోజే అనుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుపడను.

సునంద నా క్లాసులో ఉన్న ఇంకో తెలుగు పిల్ల. వాళ్లది కోస్తా వైపు, తండ్రి రైల్వే ఉద్యోగంతో ఆ నగరంలో స్థిరపడ్డారు. నేను మొదటిసారి నోరు తెరిచి "ఎట్లున్నవ్, ఏ ఊరు మీది?" అనగానే ఆమె కళ్లు పెద్దవి చేసి, "నువ్వు మాట్లాడేది తెలుగేనా?" అని అడిగింది. సరే, మరాఠీ పిల్లల దగ్గర కూర్చుందామని పోతే వాళ్లు నా మరాఠీ విని ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వారు. నేను మాట్లాడితే పాఠ్యపుస్తకం చదివినట్టు ఉంటుందట. ఉండదా మరి? నాకు ఆ భాష వచ్చిందే పాఠ్యపుస్తకంలోంచి. భోజనశాలలో రెండు బల్లల మధ్య పళ్లెం పట్టుకుని నిలబడ్డ నన్ను ఇప్పటికీ చూడగలను. అక్కడ నన్ను చూసి నవ్వని భాష జర్మన్ ఒక్కటే, ఎందుకంటే అది అందరికీ కొత్తే.

హెడ్ సార్ పొట్టి మనిషి. ఎండాకాలంలో కూడా కోటు వేసుకునేవారు. జర్మనీలో ఉండి వచ్చిన రోజుల్ని కోటు జేబులో పెట్టుకుని తిరుగుతున్నట్టు ఉండేవారు. గంట కొట్టగానే తలుపు మూసేసేవారు, తర్వాత వచ్చినవాళ్లు వరండాలో నిలబడి వినాల్సిందే. మా గ్రంథాలయంలో పాత కాగితం, గచ్చు తుడిచిన ఫినాయిల్ కలిసిన వాసన ఉండేది. వారాంతంలో టేపు పెట్టి పాటలు వినిపించి, నల్ల కాఫీ పోసి, అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి జర్మన్‌లోనే మాట్లాడించేవారు. ఒక రోజు పిల్లలందరికీ తలా ఒక జర్మన్ పేరు పెట్టారు, క్లాసులో ఆ పేర్లతోనే పిలుచుకోవాలని. వరస నా దగ్గరకు వచ్చేసరికి గంట కొట్టింది. "తర్వాత చూద్దాం" అన్నారు. ఆ ‘తర్వాత’ ఎప్పుడూ రాలేదు. మూడేళ్లూ నేను రాజేశ్వరిగానే ఉన్నాను.

ఆయన చదువు చెప్పడం రాని మనిషి అని నేననను. ఒక కవిత చదివితే గది కిటికీలు కూడా వింటున్నట్టు ఉండేది. అలాంటి మనిషి నన్ను అలా చూశాడనేదే నా బాధ. రానివాడైతే ఎప్పుడో మర్చిపోయేదాన్ని.

జర్మన్‌ను కూడా నేను మా పద్ధతిలోనే పట్టాను. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు అదే స్తంభం, అదే నాయినమ్మ, అదే చాట. మొదటి రోజు ఆమె చెరగడం ఆపి నా ముఖంలోకి చూసింది.

"గిది మరాఠీ కాదు."

"కాదు నాయినమ్మా."

"గొంతుల చాపముల్లు ఇరికినట్టున్నది. నీళ్లు తాగు."

మూడో రోజుకు ఆ భాష నడక కూడా ఆమెకు చిక్కింది, నేను మింగిన చోటల్లా చాట ఆగింది. అలా నా గొంతుకు పట్టిన వాటిల్లో, జర్మన్ జానపద కథల్లో అడవి గురించి ఒక పండితుడు రాసిన పెద్ద వ్యాసం ఉంది. మా పాఠ్యపుస్తకంలో అదొక అధ్యాయం. ఆ కథల్లో అడవి అంటే ఎవరూ ఉండని చోటనీ, మనిషి అక్కడికి వెళ్లేది దారి తప్పడానికేననీ, భయాన్ని దాటి మళ్లీ ఊరు చేరడమే కథ అనీ ఆయన వాదన. ఆ వాక్యాలు చాలా పొడుగు. ఒక్కొక్కటి మొదలుపెడితే చివర క్రియ దొరికేసరికి ఊపిరి అయిపోయేది. నాకు ఆ వాక్యాలంటే ప్రేమ. అవి చెబుతున్నప్పుడు నా నోరు పెద్దింటి మనిషి నోరులా ఉండేది.

చివరి సంవత్సరం పరీక్షలో అడవి మీదే ప్రశ్న వచ్చింది. నేను ఆ అధ్యాయమంతా రాశాను. మాట తేడా లేకుండా, కామాలతో సహా. బయటికి వచ్చినప్పుడు నా అంత సంతోషంగా ఎవరూ లేరు. జర్మనీ నాదేననుకున్నాను. వారం తిరక్కుండా కబురు వచ్చింది, హెడ్ సార్ గదికి రమ్మని. నేను కాపీ కొట్టానట. సాక్ష్యం ఏమిటంటే నా జవాబులో ఒక్క తప్పు లేదు. సిరొంచనుంచి వచ్చి, క్లాసులో రెండు వాక్యాలు కలిపి మాట్లాడడానికి తడబడే పిల్ల, అంత కాగితం తప్పు లేకుండా ఎలా రాస్తుంది? నేరం రుజువైతే పట్టా ఉండదు, పేరు కొట్టేస్తారు, జర్మనీ మాట సరేసరి. బాపు అప్పటికే చెప్పి ఉన్నాడు, ఈ ఏడుతో నీ చదువు అటో ఇటో తేలాలని. అటా ఇటా అన్నది ఆ గదిలో తేలబోతోంది.

గదిలో హెడ్ సార్, ఒక మేడమ్, పరీక్షల విభాగంనుంచి వచ్చిన ఒకాయన ఉన్నారు. పరీక్షలో నా వెనక బెంచీ మీద కూర్చున్నది సునంద కాబట్టి ఆమెనూ పిలిచారు. "ఈమె దగ్గర చీటీ గాని పుస్తకం గాని ఉందా?" అని పరీక్షలాయన అడిగితే సునంద, "నేను చూడలేదు" అంది. ఆ మాటను జాగ్రత్తగా చదవండి. "లేదు" అనలేదు. "చూడలేదు" అంది. ఆ రెండింటి మధ్య ఎంత చోటుందో ఆ రోజు అక్కడ నిలబడ్డదాన్ని నాకు తెలుసు.

"పుస్తకం తెరవండి సార్, అప్పజెప్తా" అన్నాను. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. హెడ్ సార్ పుస్తకం తెరిచి పెన్సిలు మొదటి వాక్యం మీద పెట్టారు. నేను చేతులు వెనక్కి కట్టుకుని మొదలుపెట్టాను. ఎక్కడా ఆగలేదు. పెన్సిలు పుట దాటింది, ఇంకో పుట దాటింది. మేడమ్ నోరు కొంచెం తెరుచుకుంది. పరీక్షలాయన కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు, కాపీ లేదని ఆయనకు తెలిసిపోయింది. అప్పుడు హెడ్ సార్ చెయ్యెత్తి నన్ను ఆపారు. "మీరు అడవి ప్రాంతంనుంచి వచ్చారు. ఈ పండితుడు చెప్పినదాని మీద మీ అభిప్రాయం ఏమిటి?" అని జర్మన్‌లోనే అడిగారు.

నేను ఆయన ఆపిన చోటునుంచి తర్వాతి వాక్యం చెప్పాను. ఆ ప్రశ్నకు జవాబు ఆ వాక్యంలోనే ఉంటుందని, అందుకే ఆ చోట ఆపి ఉంటారని అనుకున్నాను. మా బళ్లో ప్రశ్న అడిగేవాళ్లు అలాగే అడిగేవాళ్లు. గది మొత్తం నవ్వింది. మేడమ్ నవ్వింది, పరీక్షలాయన నవ్వాడు, సునంద చేత్తో నోరు మూసుకుని నవ్వింది. హెడ్ సార్ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. పుస్తకం మూసి, "కాపీ కాదు. కానీ ఇది జవాబు కూడా కాదు. ఇక్కడ మీరెక్కడున్నారు? చిలుక కూడా ఈ పని చేస్తుంది" అన్నారు. నాకు పాసు మార్కులు వేశారు. పట్టా చేతికి వచ్చింది. జర్మనీకి సునంద వెళ్లింది.

ఆ గదినుంచి వచ్చిన మధ్యాహ్నం హాస్టల్‌లో పెట్టె సర్దుకుంటుంటే సునంద గుమ్మంలో నిలబడి, "సారీ రాజీ, నవ్వు ఆపుకోలేకపోయాను" అంది. "చూడలేదన్నవ్ గదా. నువ్వు నవ్వింది కూడా నేను చూడలే" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. తర్వాత ఆమె జర్మనీనుంచి మంచు పడ్డ ఒక వీధి బొమ్మ పంపింది. గోడకు తగిలించలేదు.

ఇంటికి వచ్చి నేను పంతులమ్మనయ్యాను. ముల్చేర వైపు బళ్లలోనే ఎక్కువ కాలం చేశాను. నా ముందు కూర్చున్న పిల్లల ఇంటి భాష గోండి, పుస్తకం మరాఠీ, పంతులమ్మది తెలుగు. వాళ్లచేత కూడా ముందు గొంతుకు పట్టించాను. తనిఖీకి వచ్చిన ఒకాయన, పిల్లలకు అర్థం కాకుండా బట్టీ పట్టిస్తున్నారని నా మీద రాసి పోయాడు. అర్థం ఒక్క తనిఖీలో కనబడేది కాదని నేను కూడా తిరిగి రాశాను, పైకి, ఇంకా పైకి. జవాబు రాలేదు. వానాకాలంలో ఎన్నికల పనికి భామ్రాగడ్ పంపినప్పుడల్లా వాగులు పొంగి బస్సు ఒడ్డున ఆగిపోయేది. మిగతావాళ్లు పేకాడుకునేవాళ్లు. నేను నీళ్లు తగ్గేదాకా అటూ ఇటూ నడుస్తూ జర్మన్ అడవి అధ్యాయం మొదటినుంచి చివరిదాకా చెప్పుకునేదాన్ని. ఎవరికోసం అంటే చెప్పలేను. అది నాది కాదన్నారు కాబట్టి వదలలేదు.

రెండు పేజీలు నేను పంపకపోయేసరికి, పోయిన నెల సునందే వచ్చింది. కమలాపూర్‌లో అడవి శాఖవాళ్ల శిబిరం ఏనుగుల్ని చూడాలని ఎప్పటినుంచో ఉందని, పనిలో పనిగా నా వ్యాసం తీసుకెళ్తానని చెప్పింది. తెల్లజుట్టు కత్తిరించుకుంది, మోకాళ్లు నొప్పులట. ఉద్యోగమంతా జర్మన్ చెప్పి రిటైరైంది. మా వదినె ఆమెకు చాపల పులుసు వడ్డించి, "మా రాజి నిన్ను రోజూ యాది చేస్తది" అంది. అది అబద్ధం కాదు.

"సార్ చివరి రోజుల్లో నీ గురించి అడిగారు రాజీ" అంది సునంద అన్నం కలుపుతూ.

నా చెయ్యి ఆగింది. "ఏమని?"

"ఆ సిరొంచ అమ్మాయి పేరేమిటి అని."

వదినెకు నోట్లో ముద్ద ఉండగానే నవ్వొచ్చి పొలమారింది. నేను ఆమె వీపు తట్టాను. నాకు నవ్వు రాలేదు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం కమలాపూర్ బయలుదేరాం. ఆమె కారు, ఆమె డ్రైవరు. రేపన్‌పల్లి దాటాక అడవి చిక్కబడింది. టేకు ఆకులన్నీ రాలిపోయి, ఇప్పచెట్ల కింద నేల పచ్చటి పువ్వుతో పరుచుకుని ఉంది. సునంద అద్దం దించి గాలి పీల్చి, "ఎంత ఖాళీగా ఉంది రాజీ ఈ అడవి. ఒక్క మనిషి లేడు" అంది. తర్వాత, "ఆ అధ్యాయం నీకు ఇంకా వచ్చా? నేను మొత్తం మర్చిపోయాను, చెప్పవా" అంది. వెక్కిరింపేమోనని ముఖం చూశాను. కాదు. నిజంగానే అడిగింది.

చెప్పడం మొదలుపెట్టాను. కారు వేగంతోపాటు వాక్యాలు వచ్చాయి. సునంద కళ్లు మూసుకుంది. అడవిలో ఎవరూ ఉండరన్న వాక్యం దగ్గరకు వచ్చేసరికి మలుపులో డ్రైవరు బ్రేకు వేశాడు. రోడ్డు దాటుతున్న ఆడవాళ్లు, గంపల నిండా ఇప్పపువ్వు. తెల్లారకముందు పోయి ఏరుకుని వస్తున్నారు. ఒకామె కారులోకి తొంగిచూసి, నన్ను గుర్తుపట్టి, "ఏం పంతులమ్మా, ఏనుగులకాడికా? పొండ్రి, ఇప్పుడే తానానికి తోలుకపోయిండ్రు" అంది. వాళ్ల వెనక చెట్ల మధ్యనుంచి పొగ లేస్తోంది, ఎవరో చెట్టు కింద చాయ్ కాచుకుంటున్నారు. వాళ్లు దాటిపోయారు. నాకు తర్వాతి వాక్యం నోట్లోనే ఉంది. చెప్పలేదు. ఆ అధ్యాయం మధ్యలో నా అంతట నేను ఆగడం అదే మొదటిసారి.

"మర్చిపోయావా?" అంది సునంద కళ్లు తెరిచి.

"లేదు. ఇది తప్పు."

"ఏది?"

"ఈయన రాసింది. అడవిల ఎవరూ ఉండరని ఎట్ల రాసిండు? ఆయన చెప్పే కథలల్లనే ఉన్నది గదా సునందా. పిల్లలు తప్పిపోతరు, దూరంగ దీపం కనబడ్తది, గుడిసె ఉంటది, పొయ్యి మండుతుంటది. పొయ్యి ఎవరు ముట్టించిండ్రు? కట్టెలు కొట్టేటోడున్నడు, బొగ్గులు కాల్చేటోడున్నడు, ఒంటరి ముసల్ది ఉన్నది. వాళ్లందరు ఉండంగ ఎవరూ లేరంటడేంది? వాళ్లు ఈయన లెక్కల మనుషులు కారు, గంతే. దారి తప్పింది ఊరోళ్లు. అడవోళ్లు ఒక్క కథల సుత దారి తప్పలే. చూసుకో."

సునంద నావైపు తిరిగి కూర్చుంది. ఆమె నోటివెంట జర్మన్‌లో ఏదో చిన్న మాట వచ్చింది, ఆశ్చర్యపోయినప్పుడు అనేది. తర్వాత అంది, "ఇదే ఆ రోజు గదిలో చెప్పి ఉంటే, రాజీ, సార్ నిన్నే పంపేవారు."

నాకు ఒళ్లు మండింది. "ఆ రోజు ఎట్ల చెప్త? నాకు భాష గొంతుకొచ్చి మూడేండ్లు కాలే. మరాఠీ పాఠం తలకెక్కనీకే నాకు ఏండ్లు పట్టింది. జర ఆగుతరా ఎవరన్న? ఒక్క ప్రశ్న అడిగి, నవ్వి, పుస్తకం మూసిండ్రు. ఆగినోళ్లకు తెలుస్తుండె."

"నిజమే" అంది. ఒక్క మాటే. వాదించడానికి సిద్ధమై కూర్చున్న నాకు ఆ మాటతో ఏం చెయ్యాలో తోచలేదు.

కమలాపూర్‌లో ఏనుగులు నిజంగానే స్నానంలో ఉన్నాయి. సునంద ఫొటోలు తీసుకుంది. నేను చెరువు గట్టు మీద అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాను. ఒక మావటి "కూసోరాదు అక్కా" అన్నాడు. కూర్చోలేకపోయాను. ఆ రోజుల్లో ఒక పిల్లకు ఒక భాష రావాలంటే ఊరు దాటి, నగరం దాటి, నవ్వేవాళ్లందరి ముందు నిలబడాల్సి వచ్చేది. ఇప్పుడు మా వదినె మనవరాలు సిరొంచ బస్టాండులో కూర్చుని ఫోన్‌లో ఏ భాష పాఠమైనా వింటుంది, తప్పు పలికితే ఫోనే దిద్దుతుంది. దానికి గొంతుకు పట్టడమంటే ఏమిటో తెలియదు. నన్ను ఒకసారి, "అవన్ని తలకాయల ఎందుకు పెట్టుకున్నవ్ నానమ్మా, దీంట్ల ఉంటయి గదా" అని అడిగింది. దాని కాలం సుఖమైనదే. కానీ ఇన్నేళ్లు మోసిన వాక్యం ఒక పొద్దున మధ్యలో ఆగిపోయి అబద్ధమని తేలడం దానికి ఎప్పటికైనా జరుగుతుందా అంటే, నాకు తెలియదు.

తిరుగు దారిలో సునందకు చెప్పాను, సంచికకు రాస్తానని. రెండు పేజీలు కాదు, మంచి జ్ఞాపకాలు కాదు. సార్ అడిగిన ప్రశ్నకు జవాబు, ఆయన అడిగిన భాషలోనే.

"సంస్మరణ సంచికలో వాదన ఎవరు వేసుకుంటారు రాజీ?"

"ఎయ్యకుంటే ఎయ్యకపోనీ. గది సుత యాదుంచుకుంట."

ఆమె మొదటిసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వింది. ఇప్పుడు ఆ వ్యాసం రాస్తున్నాను. చాలా మెల్లగా సాగుతోంది. ఇతరుల వాక్యాలు ఊపిరి తిప్పుకోకుండా వచ్చే నోటికి, సొంత వాక్యం ఒకటి కూడబలుక్కోవడానికి ఒక పూట పడుతోంది. రాసి లేస్తాను, ఏటిదాకా పోతాను, వచ్చి కొట్టేస్తాను. పొయ్యి మండుతున్నదంటే ఇంట్లో మనిషి ఉన్నట్టే అన్నది మొదటి వాక్యం. దాన్ని ఫోన్‌లో చదివి వినిపిస్తే సునంద కొంచెం తటపటాయించి, అందులో రెండు తప్పులున్నాయని, తాను దిద్దిపెడతానని అంది. ముట్టుకోవద్దన్నాను. తప్పులతోనే పోనీ. ఈసారి కాపీ అని ఎవరనగలరో చూస్తాను.